పొదుపు సంఘం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: చేరే ముందు నుంచి అప్పు తీరేదాకా

మా నెల్లూరు జిల్లా పల్లెలో పదకొండేళ్లుగా సంఘాల పుస్తకాలు రాస్తున్నాను. ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ వచ్చే సందేహాలు తిప్పితిప్పి అవే, అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా రాశాను. పల్లెల్లో డ్వాక్రా అంటారు, వెలుగు అంటారు, ఐకేపీ అంటారు, టౌన్లలో మెప్మా అంటారు. పేరేదైనా పని ఒకటే: పది పన్నెండు మంది ఆడవాళ్లు నెలనెలా కొంత దాచుకుని అందులోంచి ఒకరికొకరు ఇచ్చుకోవడం. ఇన్నేళ్లలో నన్ను బాధపెట్టింది ఒక్కటే. సంఘాలు ఇన్ని ఉన్న ఊళ్లో కూడా అందరికంటే పేదామె బయటే ఉండిపోతోంది. జవాబులు ఆమెను మనసులో పెట్టుకుని రాశాను.

## చేరే ముందు

డ్వాక్రా అంటే గవర్నమెంటు ఇచ్చే లోనే కదా?

కాదు, లోను తర్వాత వచ్చింది. డ్వాక్రా పేరుతో కేంద్రం పథకం పెట్టింది 1982లోనే అయినా మన దగ్గర అది ఊపందుకున్నది సారా ఉద్యమం తర్వాత. 1992లో మా జిల్లాలోని దూబగుంటలో రోశమ్మ, ఇంకా ఎందరో ఆడవాళ్లు సారా అంగళ్లను మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారాను నిషేధించారు. సారాకు పోయే కూలి డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక దాన్ని ఎక్కడ దాచుకోవాలన్న ప్రశ్న వచ్చింది, రోజుకో రూపాయి పొదుపు అలా మొదలైంది. అదే 1992లో పల్లెల అప్పుల వ్యవహారం చూసే జాతీయ బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజిని, అంటే సంఘాలకు బ్యాంకుల నుంచి అప్పు ఇప్పించడాన్ని, ప్రయోగంగా మొదలుపెట్టింది. 2000లో పల్లెల్లో పేదరికం తగ్గించడానికి పెట్టిన ప్రభుత్వ సంస్థ సెర్ప్, దాని వెలుగు ప్రాజెక్టు వచ్చాయి, తర్వాత ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ), 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, ఆ రూపాయి లెక్క మాత్రం ఇప్పటికీ సభ్యులదే.

మాకు పూట గడవడమే కష్టం, నెలకు వంద ఎక్కడినుంచి తెచ్చి కట్టేది? నన్ను చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి. మీలాంటి వాళ్ల కోసమే సంఘం. పొదుపు ఎంత అనేది పైనుంచి వచ్చే రూలు కాదు, కూర్చున్న వాళ్లు తీర్మానం చేసుకునేది. ఉన్నవాళ్లు ఇద్దరు ముందు మాట్లాడి "రెండొందలు పెట్టుకుందాం" అంటే మిగతావాళ్లు మొహమాటంతో తలూపుతారు, మూడో నెలకు అందరికంటే పేదామె జారిపోతుంది. అందుకే నేను ఎక్కడ పుస్తకం తెరిచినా అందరికంటే తక్కువ కూలి వచ్చే ఆమెనే ముందు అడుగుతాను, నువ్వు ఏ నెలా తప్పకుండా ఎంత కట్టగలవమ్మా అని. ఆమె చెప్పిందే సంఘం పొదుపు.

మా ఊళ్లో ఒకామె ఉంది, భర్త పోయాడు, నాట్లకూ కోతలకూ వెళ్తుంది, పని లేని నెలల్లో చేతిలో పైసా ఆడదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. నెల తిరిగేసరికి ఆ డబ్బాలో పోగైన బియ్యం విలువే ఆమె పొదుపు. వలస వెళ్లే రెండు నెలలకు ముందే కట్టేస్తానని అడిగితే సంఘం ఒప్పుకుని తీర్మానం రాయించింది. ఆమె ఖాతాలో ఒక్క నెల కూడా బాకీ లేదు.

ఎంతమంది ఉండాలి? నేనూ మా అత్తా ఒకే సంఘంలో ఉండొచ్చా?

పది నుంచి ఇరవై మంది దాకా ఉండొచ్చు, పది పన్నెండు మందయితే మాట్లాడుకోవడానికి తేలిక. ఒక ఇంటినుంచి ఒక్కరే, ఒక మనిషి ఒక సంఘంలోనే. వేరు కాపురం ఉంటే అది వేరే ఇల్లే. వికలాంగులు అయితే ఐదుగురితో కూడా సంఘం పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక "పదిమంది దొరకలేదు" అని ఆగిపోయిన వాళ్లను చాలామందిని చూశాను.

మా వీధిలో అన్ని కులాల వాళ్లూ ఉన్నారు. ఒకే సంఘం పెట్టుకోవాలా, వేరువేరుగానా?

నమ్మకం ఉన్నవాళ్లు, దాదాపు ఒకే స్థితిలో ఉన్నవాళ్లు కలిస్తే సంఘం నిలబడుతుంది. ఎకరాలున్న ఆమె, ఆమె పొలంలోకి కూలికి వెళ్లే ఆమె ఒకే సంఘంలో ఉంటే కూలికి వెళ్లే ఆమె నోరు లేవదు. ఇది నేను కళ్లారా చూశాను. కలిసే పెట్టుకుంటామంటే మాత్రం ముందే ఒక మాట అనుకోండి: మీటింగు ప్రతి నెలా ఒకే ఇంట్లో పెట్టకూడదు. లీడరు వరండాలోనే పెడితే కొందరు కుర్చీల్లో, కొందరు గడప బయట మెట్ల మీద కూర్చుంటారు, అలాగే అలవాటైపోతుంది. నెలకొక ఇంటిముందు, ఎస్సీ కాలనీలో కూడా, ఒకటే పెద్ద చాప పరిచి అందరూ దానిమీదే గుండ్రంగా కూర్చోండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ మంచినీళ్లు అడిగి తాగడం దగ్గరనుంచి అన్నీ అక్కడే మారతాయి.

## మొదటి ఆరు నెలలు

మీటింగులో ఏం చేస్తారు? డబ్బులు కట్టేసి వచ్చేస్తే సరిపోదా?

సరిపోదు. డబ్బు పంపి సంతకం తర్వాత పెడతాననే పద్ధతి మొదలైందంటే సంఘానికి పురుగు పట్టినట్టే. మీటింగులో ముందు హాజరు, తర్వాత పోయిన నెల తీర్మానం చదవడం, తర్వాత ఒక్కొక్కరూ లేచి తన పొదుపు, తన కంతు చాప మధ్యలో పెట్టడం. ఎంత పెట్టిందో గట్టిగా చెప్పాలి, నేను అక్కడికక్కడే ఆమె పాసు పుస్తకంలోనూ సంఘం లెడ్జర్లోనూ రాస్తాను. మొత్తం ఇద్దరు లెక్కపెడతారు. ఆ తర్వాత అప్పు ఎవరికి కావాలి, ఎందుకు, ఎప్పటిలోగా తీరుస్తుంది అని మాట్లాడుకుంటారు. పంచసూత్రాలని గోడల మీద రాసేది ఇదే: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, గడువుకు తిరిగి కట్టడం, ఎప్పటి లెక్కలు అప్పుడు రాయడం. అందరి ముందూ నోట్లు లెక్కపెట్టే ఆ పావుగంటే మీ డబ్బుకు కాపలా.

బ్యాంకులో అకౌంటు తెరవడానికి అందరి ఆధార్, ఫోటోలు అడుగుతున్నారు. నిజంగా అవసరమా?

సంఘం పేరున పొదుపు ఖాతా తెరవడానికి సంతకం పెట్టే లీడర్ల కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాలు) చాలు, ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. అప్పు ఇచ్చేటప్పుడు సభ్యులందరి వివరాలూ అడగొచ్చు. ఖాతా తెరిచే తీర్మానం, సభ్యుల పేర్లు, ఎవరి సంతకాలతో డబ్బు తీయాలి అన్నది రాసి తీసుకెళ్లండి. ఒక్కరి సంతకంతో తీసే ఏర్పాటు ఎప్పుడూ పెట్టుకోకండి.

మన డబ్బు మనమే తీసుకుని మనమే వడ్డీ కట్టడమేంటి?

బయట తెచ్చిన అప్పుతో పోల్చి చూడండి. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీకే పోతుంది. ఆ డబ్బు ఇచ్చినాయన ఇంటికి వెళ్తుంది, మళ్లీ తిరిగి రాదు. సంఘంలో నూటికి రూపాయి చొప్పున అదే 50,000 తీసుకుంటే నెలకు 500, ఏడాదికి 6,000, అసలు కడుతూ పోతే ఇంకా తగ్గుతుంది. పైగా ఆ వడ్డీ సంఘం నిధిలోనే చేరుతుంది, అందులో మీకూ వాటా ఉంది.

మొదట్లో అంత పెద్ద అప్పు ఉండదు. పన్నెండు మంది వంద చొప్పున వేస్తే నెలకు 1,200, ఏడాదికి 14,400. మొదటి అప్పు వెయ్యో రెండువేలో ఉంటుంది, పిల్లాడి జ్వరానికో గ్యాస్ సిలిండర్‌కో స్కూలు ఫీజుకో. తక్కువ అనిపిస్తుంది గానీ, ఆ రెండువేల కోసమే కదా రాత్రిపూట ఒకరి గడప ముందు నిలబడాల్సి వచ్చేది. దాన్ని తప్పించిన సంఘం సగం పని చేసేసినట్టే.

నాకు చదువు రాదు. లీడరుగా ఉండొచ్చా?

ఉండొచ్చు. పుస్తకాలు రాయడానికి మనిషి ఉంటుంది, లీడరుకు కావాల్సింది పదిమంది మాట వినే ఓపిక. సంతకం నేర్చుకోండి, అంకెలు గుర్తుపట్టడం నేర్చుకోండి, నెల రోజులు చాలు. రెండేళ్లకోసారి లీడర్లను మార్చుకోవడం మంచిది. ఒకామే పదేళ్లు ఉంటే ఎంత మంచి మనిషైనా సంఘం ఆమె సొంత వ్యవహారం అయిపోతుంది.

## బ్యాంకు అప్పు

ఎన్నాళ్లకు లోను వస్తుంది, ఎంత ఇస్తారు?

ఆరు నెలలు పంచసూత్రాలు సరిగ్గా పాటించి ఉంటే అర్హత వస్తుంది. బ్యాంకు చూసేది సంఘం నిధిని, అంటే మీ పొదుపు, దానిమీద వచ్చిన వడ్డీ, ఇతర నిధులు అన్నీ కలిపి. మొదటి విడత ఆ నిధికి ఆరు రెట్లు లేదా లక్షన్నర, ఏది ఎక్కువైతే అది. రెండో విడతకు ఎనిమిది రెట్లు లేదా మూడు లక్షలు. మూడో విడతకు ఎవరికి ఎందుకు ఎంత కావాలో మీరు రాసుకున్న సూక్ష్మ ఋణ ప్రణాళికను బట్టి కనీసం ఆరు లక్షలు. ఇవి రిజర్వు బ్యాంకు సూచనలే, అయినా పుస్తకాలు సరిగ్గా లేకపోతే ఏ మేనేజరూ కదలడు.

బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తేనే లోను ఇస్తామంటున్నారు, ఏం చేయాలి?

వేయనక్కర్లేదు. పది లక్షల దాకా సంఘం అప్పుకు పూచీకత్తు అడగకూడదు, పొదుపు ఖాతాను హోల్డులో పెట్టకూడదు, డిపాజిట్ వేయమని పట్టుబట్టకూడదు. పూచీకత్తు మాత్రం ఇప్పుడు ఇరవై లక్షల దాకా అక్కర్లేదు, ఆ పరిమితిని 2021లో పది లక్షల నుంచి పెంచారు. మాకు ఒకసారి ఒక బ్రాంచిలో ఇదే అనుభవం అయింది, పొదుపు 40,000 కదలనివ్వలేదు. గొడవ పడలేదు, సంఘం తీర్మానం రాసి పన్నెండు మంది సంతకాలతో అర్జీ ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. సంఘాల పనులు చూసే సిబ్బంది, అంటే సీసీ, ఏపీఎం కూడా మాట్లాడారు. మూడు వారాల్లో వదిలేశారు. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది, కాగితం మీద అడగండి.

వచ్చిన లోను అందరం సమానంగా పంచుకోవడమే న్యాయం కదా?

ఎక్కువ సంఘాలు ఇలాగే చేస్తున్నాయి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది కూడా ఇదే. మూడు లక్షలు వచ్చాయి, పన్నెండు మందికి తలా 25,000. అవసరం లేని ఆమె దాన్ని బయట వడ్డీకి తిప్పుతుంది. గేదె కొనుక్కుని పాలు పోసుకుందామనుకున్న ఆమెకు ఆ 25,000 ఎటూ చాలదు, మిగతాదానికి మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళ్తుంది. అంటే సంఘం లోను వచ్చాక కూడా ఇద్దరి మధ్య తేడా పెరిగింది, తగ్గలేదు.

సూక్ష్మ ఋణ ప్రణాళిక అని రాయించేది దీనికే. ఒక్కో ఇంటి ఆదాయం, ఖర్చు, ఉన్న అప్పులు, చేయాలనుకున్న పని రాసుకుని, ఎవరికి ఎంత, ఎవరికి ముందు అని కూర్చుని తేల్చుకోవాలి. మా ఊళ్లో ఒక సంఘం మూడు గంటలు వాదించుకుని నలుగురికే ఇచ్చింది, తక్కినవాళ్లు తర్వాతి విడత తీసుకున్నారు. ఆ రోజు ముఖాలు మాడ్చుకున్న వాళ్లే తర్వాత ఆ గేదె పాలు పోయించుకున్నారు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పేదామె పేరుమీద అప్పు రాయించి డబ్బు వేరే ఆమె వాడుకోవడం చాలాచోట్ల ఉంది, "నీకేం పోయింది, కంతు నేను కడతాగా" అంటారు. ఆమె కట్టకపోతే బాకీ మీ పేరునే ఉంటుంది, మీకు రావాల్సిన అప్పు ఆగిపోతుంది. మొహమాటపడకండి.

వడ్డీ ఎంత పడుతుంది?

మహిళా సంఘాలకు మూడు లక్షల దాకా ఏడాదికి 7 శాతం, అంటే నూటికి నెలకు అరవై పైసలు కూడా కాదు. దానిమీద రాష్ట్రాలు ఇచ్చే రాయితీలు వేరే. 2004లో పావలా వడ్డీ వచ్చింది, 2012లో వడ్డీ లేని రుణాలు వచ్చాయి. ఈ రాయితీ డబ్బు చాలాసార్లు ఆలస్యంగా పడుతుంది, కాబట్టి మీరు మొత్తం వడ్డీ లెక్కేసుకునే కంతు కట్టండి, తర్వాత వచ్చింది సంఘం నిధికి. గడువు దాటితే రాయితీ ఉండదు.

మైక్రోఫైనాన్స్ వాళ్లు రేపే ఇస్తామంటున్నారు, సంఘం లోనుకు నెల పడుతుంది. తీసుకోవచ్చా?

రేపే వచ్చే డబ్బుకు వారం వారం వాకిట్లో మనిషి నిలబడతాడు. 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఈ వసూళ్ల ఒత్తిడి ప్రాణాల మీదకు వచ్చింది, ప్రభుత్వం అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. దాని తర్వాతే, 2011లో, అత్యవసరానికి త్వరగా అప్పు అందేలా స్త్రీనిధి పెట్టారు. ముందు ఊరి సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యలో స్త్రీనిధి గురించి అడగండి, సంఘం లోపలి నిధిలో ఎంతుందో చూడండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు తెస్తున్నామంటే మాత్రం ఆగి, మీటింగులో చెప్పేయండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

## గొడవ వచ్చినప్పుడు

ఒకామె మూడు నెలలుగా కంతు కట్టడం లేదు. మేమెందుకు కట్టాలి?

బ్యాంకు అప్పు ఇచ్చింది సంఘానికి, అందుకని భారం అందరిమీదా పడుతుంది. 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీల్లోకి వెళ్తుంది. కానీ ముందు ఆమె ఇంటికి ఇద్దరు వెళ్లి కూర్చుని కనుక్కోండి. గుంపుగా వెళ్లి వాకిట్లో నిలబడి అరవడం, సామాన్లు తీసుకురావడం లాంటివి చేయకండి, అవి మనం వద్దనుకున్న వాళ్ల పద్ధతులు. జబ్బు, పంట పోవడం, పని లేకపోవడం అయితే సంఘం నిధిలోంచి ఆమె కంతు సర్ది, ఆమె పేర అప్పుగా రాసుకుని నెమ్మదిగా వసూలు చేయండి. ఉండి కూడా కట్టకపోతే తీర్మానం చేసి గ్రామ సమాఖ్యకు పెట్టండి. ఈ రెంటికీ తేడా మీకే బాగా తెలుస్తుంది, ఒకే వీధిలో ఉంటారు కాబట్టి.

లీడరు మా కంతులు తీసుకుని బ్యాంకులో కట్టలేదు. ఎవరికి చెప్పాలి?

ముందు బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తీసుకుని మీ పాసు పుస్తకాలతో పోల్చండి. తేడా ఎంతో కాగితం మీద పెట్టి ప్రత్యేక మీటింగు పెట్టండి, ఆమెను కూడా పిలవండి, ఎప్పటిలోగా కడుతుందో రాయించి సంతకం తీసుకోండి. సంతకం పెట్టే అధికారం మారుస్తూ బ్యాంకుకు తీర్మానం ఇవ్వండి. తర్వాత గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, ఏపీఎం. అప్పటికీ కాకపోతే పోలీసు ఫిర్యాదు. ప్రతి నెలా రసీదు కాగితం అందరికీ చూపించే సంఘంలో ఇంతదూరం రాదు.

మాఫీ వస్తుందంటున్నారు. కట్టకుండా ఆగుదామా?

వద్దు. ఆగిన నెలల వడ్డీ మీద పడుతుంది, రాయితీ పోతుంది, కొత్త లోను ఆగుతుంది. ఎన్నికల ముందు ఆగి తర్వాత ఏళ్ల తరబడి తేరుకోలేని సంఘాలు మా మండలంలోనే ఉన్నాయి.

మానేస్తే నా పొదుపు తిరిగి ఇస్తారా?

ఇస్తారు. మీ పేరున ఉన్న అప్పు తీసేసి మిగిలిన పొదుపు ఇవ్వాలి. వడ్డీలో వాటా ఎలా లెక్కకట్టాలన్నది సంఘం మొదట్లోనే తీర్మానంలో రాసుకుంటే గొడవ ఉండదు.

సభ్యురాలు చనిపోతే ఆమె అప్పు పిల్లల మీద పడుతుందా?

ఆమె పొదుపు, అప్పు సరిచూసి ఇన్సూరెన్స్ ఉంటే దానితో తీర్చాలి. అందుకే ప్రతి సభ్యురాలితో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా కట్టించండి. మొదటిది చావు ఏ కారణంతో అయినా, రెండోది ప్రమాదానికి, రెండూ రెండేసి లక్షలు. జీవన్ జ్యోతిలో యాభై ఏళ్లు దాటినవాళ్లు కొత్తగా చేరలేరు, వయసు చూసుకోండి.

## సంఘం దాటి

గ్రామ సమాఖ్య వల్ల ఉపయోగం ఏంటి? అక్కడ ఉత్త మీటింగులే కదా?

ఒక్క సంఘం అడిగితే వినని చోట ఊరి సంఘాలన్నీ కలిసి అడిగితే వింటారు. వెలుగు రోజుల్లో సమాఖ్యలు బియ్యం టోకున కొని సభ్యులకు అప్పుగా ఇచ్చేవి, చిల్లర కొట్లో అరువు తెచ్చుకుని ఎక్కువ ధర కట్టే బాధ తప్పేది. తెలంగాణలో, మా వైపూ ధాన్యం కొనుగోలు కేంద్రాలు సంఘాల ఆడవాళ్లే నడిపారు, తేమ మీటరు పట్టుకుని కాంటా దగ్గర నిలబడి. ధాన్యం కొన్నందుకు ఇచ్చే కమీషన్ సమాఖ్యకే వచ్చేది.

అప్పులు కాకుండా, బాగా పేదవాళ్లకు పనికొచ్చిన సంఘం ఏదైనా ఉందా?

జహీరాబాద్ వైపు పస్తాపూర్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో 1980ల నుంచి పనిచేస్తున్న సంఘాలను చూడండి. ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. 1990ల్లో బీడు పడ్డ నేలలను మళ్లీ సాగులోకి తెచ్చి జొన్నలు పండించారు. సాగుకు తీసుకున్న అప్పును డబ్బుగా కాకుండా జొన్నలుగా ఊరి నిధికే తిరిగి కట్టారు, ఆ జొన్నలను కరువు నెలల్లో తక్కువ ధరకు పేద ఇళ్లకు ఇచ్చారు. ఎవరు పేదలు అన్నది ఆఫీసు లిస్టు తేల్చలేదు, ఊరివాళ్లే నేలమీద తమ ఊరి బొమ్మ గీసి ఇల్లిల్లూ చెప్పుకుని తేల్చారు. ఎక్కువ పేదలకు ఎక్కువ జొన్నలు. అందరిముందూ చెప్పుకుంటే తప్పుడు పేరు ఎక్కించడం కష్టం.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, మా ఊరి సంఘానికి డబ్బు పంపొచ్చా?

పంపాలనే మనసుకు దండం. కానీ ఊరికే డబ్బు వేయకండి, మొదటి వాటా ఎవరిదన్న గొడవతో నడుస్తున్న సంఘమే చీలిపోతుంది. మా ఊరి అబ్బాయి ఒకతను ఫోన్ చేసి అదే అడిగితే, సమాఖ్యకు ఒక కాంటా, ధాన్యం ఆరబెట్టుకోవడానికి నాలుగు పెద్ద పట్టాలు కొనివ్వమన్నాను. అద్దె తక్కువ పెట్టారు, సంఘంలో లేని కౌలు రైతు ఇళ్లకు కూడా ఇస్తున్నారు. వాటికీ ఒక పుస్తకం పెట్టాం. పోయిన నెల అందులో కొత్త పేరు ఒకటి రాశాను. పట్టా తీసుకెళ్లిన ఆమె దాన్ని తిరిగిచ్చేటప్పుడు, సంఘంలో చేరడానికి ఏం కావాలని అడిగింది. వచ్చే మీటింగు వాళ్ల ఇంటిముందే పెట్టుకున్నాం.